సార్, కొత్త బ్రౌజరు వేసుకోమంటారా?

మొన్నొక ఆదివారం పొద్దున్నే పదో తరగతి చదివే అమ్మాయి ఒకరు మా ఇంటికి వచ్చింది. వాళ్ల నాయన ఆత్మకూరు బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి నడుపుతాడు. అంగట్లో ఒక కంప్యూటరు ఉంది. హాల్‌టికెట్టు తీసుకునేవాళ్లు, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టేవాళ్లు, హైదరాబాదు బస్సుకు సీటు కావలసినవాళ్లు, అందరూ ఆ కంప్యూటరు ముందే నిలబడతారు.

"సార్, కొత్త బ్రౌజరొకటి వచ్చిందంట. చాలా పెద్ద కంపెనీదంట. పేజీ అంతా అదే చదివి సారాంశం చెబుతుందంట, ఫారాలు కూడా అదే నింపుతుందంట. అంగట్లో వేసుకోమంటారా?" అని అడిగింది.

"వేసుకోమ్మా" అన్నాను. అన్న మరుక్షణమే, "ఉండుండు, ఇప్పుడే వద్దులే" అన్నాను.

"ఏంది సార్, రెండూ మీరే అంటే ఎట్లా?" అని ఆ పిల్ల నవ్వింది.

నిజమే. నవ్వదగ్గ సంగతే. కానీ ఆ రెండు మాటలూ నేను మనస్ఫూర్తిగా అన్నవే. ఒకే విషయం మీద ఒకే మనిషికి ఇట్లా రెండు అభిప్రాయాలు ఎందుకు ఉంటాయో ఆ అమ్మాయికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. మీకు చెప్పి చూస్తాను.

నా చిన్నప్పుడు మా వీధిలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. మద్రాసు నుంచో కువైట్ నుంచో ఉత్తరం వస్తే అది పట్టుకుని వీధి చివర ఉండే ఒక పెద్దాయన అరుగు దగ్గరకు పోయేవారు. అందరి ఉత్తరాలూ ఆయనే చదివిపెట్టేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. కోడి కెలికినట్టున్న రాతనైనా సరే, ఎక్కడా ఆగకుండా గడగడా చదివేవాడు. మా అవ్వ ఆయన్ను దేవుడనేది. అదే నోటితో, "ఊళ్లో ఎవరింటి గుట్టు ఏందో ఆయనకు తెలియంది లేదురా" అని కూడా అనేది.

బ్రౌజరంటే అచ్చం ఆ పెద్దాయనే. మీరు ఒక వెబ్‌సైటు పేరు కొట్టారనుకోండి. ఎక్కడో దూరంగా ఉన్న సర్వరు అనే కంప్యూటరు మీకు తయారైన పేజీని ఫోటోలాగా పంపదు. "ఇక్కడ పెద్ద అక్షరాల్లో శీర్షిక, దాని కింద ఈ బొమ్మ, ఈ మాట నొక్కితే ఫలానా పేజీ" అంటూ కొన్ని గుర్తులతో రాసిన ఒక చీటీని పంపుతుంది. ఆ చీటీని మనం నేరుగా చూస్తే తల తిరుగుతుంది. దాన్ని చదివి, అర్థం చేసుకుని, తెర మీద అందంగా పరిచిపెట్టేదే బ్రౌజరు. ఒకే ఉత్తరాన్ని ఇద్దరు చదివితే ఒకరు ఒకచోట తడబడినట్టే, ఒకే పేజీని రెండు బ్రౌజర్లు రెండు రకాలుగా చూపించవచ్చు.

ఇట్లాంటి మొట్టమొదటి చదువరిని తయారుచేసినవాడు టిమ్ బెర్నర్స్-లీ. 1990లో, జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో. 1993లో సెర్న్ ఈ వెబ్ విధానాన్నంతా ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. నన్నడిగితే మొత్తం కథలో అన్నిటికంటే గొప్ప పని అదే. ఎందుకంటే ఆ రోజు నుంచి ఉత్తరాలు చదివే పనికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. వచ్చినవాళ్లంతా తలా ఒక బ్రౌజరు తయారుచేశారు.

ఇక పెద్ద కంపెనీల సంగతికి వద్దాం. 2008 సెప్టెంబరు 2న గూగుల్ కంపెనీ క్రోమ్ అనే బ్రౌజరును విడుదల చేసింది. ఇప్పుడు మీ ఫోన్లలో గుండ్రంగా రంగురంగులుగా కనిపించేది అదే. దాన్ని పరిచయం చేయడానికి వాళ్లు ఎంచుకున్న పద్ధతి నాకు భలే నచ్చింది. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే చిత్రకారుడి చేత 38 పేజీల బొమ్మల పుస్తకం గీయించారు. బ్రౌజరు లోపల ఏం జరుగుతుందో అందులో బొమ్మల కథలాగా చెప్పారు. ఇంజనీర్లు తమ పనిని పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పాలనుకోవడం ఎంత మంచి ఆలోచన! ఆ పని నడిపించిన వారిలో ముఖ్యుడు సుందర్ పిచాయ్, మనకు పక్కనే ఉన్న చెన్నైలో పెరిగినవాడు.

అందులో రెండు కొత్త ఊహలున్నాయి. అంతకు ముందు మనం నాలుగు పేజీలు తెరిచి పెట్టుకుంటే నాలుగూ ఒకే ఇంట్లో కాపురమున్నట్టు ఉండేవి. ఒకటి మొండికేస్తే నాలుగూ కుప్పకూలేవి. క్రోమ్‌లో ఒక్కో పేజీకి ఒక్కో గది కట్టి మధ్యలో గోడ పెట్టారు. ఒక గదిలో నిప్పు అంటుకున్నా పక్క గదికి పాకదు. (గోడలు కడితే ఇటుకలు ఎక్కువ పడతాయి కదా. అందుకే క్రోమ్ కంప్యూటరు మెమరీని ఎక్కువ తింటుందనే పేరు తెచ్చుకుంది. ఉచితంగా ఏదీ రాదు.)

రెండోది వీ8 అనే ఇంజను. పేజీతోపాటు వచ్చే చిన్న చిన్న ఆజ్ఞలను పాత బ్రౌజర్లు ఒక్కో వాక్యం వింటూ అనువదించే దుబాసీలాగా నెమ్మదిగా నడిపించేవి. డెన్మార్క్‌లో లార్స్ బాక్ అనే ఆయన నాయకత్వాన తయారైన వీ8, ఆ ఆజ్ఞలను ముందే యంత్రం సొంత భాషలోకి మార్చేసి పరుగెత్తించేది. అప్పట్లో నేను పోయే నెట్ సెంటరులో కంప్యూటర్లు పాతవి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. గంటకు డబ్బు కట్టి కూర్చునే చోట పేజీ త్వరగా తెరుచుకోవడమంటే జేబులో రూపాయి మిగలడమే. అందుకే సంబరపడ్డాను.

కానీ ఆ రోజుల్లో క్రోమ్‌లో తెలుగు దినపత్రిక తెరిచిన వాళ్లకు ఒక చిక్కు ఎదురయ్యేది. తెర నిండా తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ, అడ్డదిడ్డమైన గుర్తులూ! తప్పు బ్రౌజరుది కాదు. అప్పటికి చాలా పత్రికలు తలా ఒక సొంత ఫాంటు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చి రాసేవి. ఆ ఫాంటును దానంతట అదే దించుకునే ఉపాయం మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు మాత్రమే తెలుసు. ఫైర్‌ఫాక్స్ అనే మరో బ్రౌజరుకు కూడా తెలియదు. అయితే నాగార్జున వెన్న అనే మన తెలుగాయన ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకోవడానికి 'పద్మ' అనే చిన్న ఉపకరణం తయారుచేసి పెట్టాడు. అది ఆ గజిబిజిని చక్కని తెలుగులోకి మార్చేది. మరి క్రోమ్‌కు? పుట్టినప్పుడు దానికి ఇట్లాంటివి తగిలించుకునే వీలే లేదు. ఆ సౌకర్యం అందరికీ అందింది 2010 జనవరిలో.

అంటే ఏమయింది? లోకంలోకెల్లా వేగంగా చదివేవాడు మన పేపరు చదవలేడు. కొంచెం నిదానంగా చదివేవాడు, మనవాడొకడు కళ్లద్దాలు పెట్టడం వల్ల, చదవగలడు. నేను రెండింటినీ ఉంచుకున్నాను. ఆ అలవాటు అప్పటిది.

తెలుగు చూపించడం అంత కష్టమా అని మీరడగవచ్చు. ఒక ప్రయోగం చేయండి. కంప్యూటరులో 'ఆత్మకూరు' అని తెలుగులో కొట్టండి. కంటికి ఎన్ని అక్షరాలు? నాలుగు: ఆ, త్మ, కూ, రు. ఇప్పుడు వెనక్కి చెరిపే బ్యాక్‌స్పేస్ మీటను ఒక్కొక్కసారే నొక్కుతూ లెక్కపెట్టండి. మొదటి నొక్కుకు 'రు' మొత్తం పోదు, కొమ్ము మాత్రమే పోయి 'ర' మిగులుతుంది. తర్వాత 'ర' పోతుంది. తర్వాత 'కూ'లో దీర్ఘం పోయి 'క' మిగులుతుంది. అట్లా మొత్తం చెరిగిపోవడానికి ఎనిమిది నొక్కులు కావాలి. ఎందుకంటే కంప్యూటరు మన ఊరి పేరును నాలుగు అక్షరాలుగా దాచుకోలేదు. ఆ, త, పొల్లు, మ, క, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము అని ఎనిమిది సంకేతాలుగా దాచుకుంది. ఈ సంకేతాల జాబితా పేరు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది.

మరి త, పొల్లు, మ అనే మూడింటిని చూసి, పొల్లును మాయం చేసి, 'మ'ను ఒత్తుగా మార్చి 'త' కింద కూర్చోబెట్టేది ఎవరు? ఆ పని చేసే భాగం తెలివి తక్కువదైతే మన ఊరి పేరు 'ఆత్' అని ఒకచోట, 'మకూరు' అని ఇంకొకచోట విరిగి కనిపిస్తుంది. పక్కనున్న ఉదయగిరి వాళ్లు అదృష్టవంతులు. వాళ్ల పేరులో ఒక్క ఒత్తు కూడా లేదు! గుడులు కాస్త పక్కకు జరిగినా ఎట్లాగో చదువుకోవచ్చు.

ఈ కూర్పు పని చేసే హార్ఫ్‌బజ్ అనే ఒక సాఫ్ట్‌వేరును బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరాను దేశస్థుడు ముఖ్యంగా అభివృద్ధి చేశాడు. అది ఎవరైనా తీసుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ తీసుకుంది, క్రోమ్ కూడా తీసుకుంది. ఆయన కొంతకాలం గూగుల్‌లోనే ఉద్యోగం చేశాడు. అదే కంపెనీ లోకంలోని లిపులన్నిటికీ నోటో అనే పేరుతో ఫాంట్లు తయారుచేయించి ఉచితంగా ఇచ్చింది. అక్షరం లేనప్పుడు కనిపించే ఖాళీ డబ్బాలు ఇక ఎక్కడా కనిపించకూడదన్నది వారి ఉద్దేశం. పాత ఫోన్లలో తెలుగు మెసేజీ వస్తే వరుసగా డబ్బాలు కనిపించిన రోజులు మీ అమ్మనాన్నలకు గుర్తుంటాయి, అడిగి చూడండి. పెద్ద కంపెనీని తిట్టడం తేలిక. కానీ ఇన్ని లిపులకు ఇంత ఖర్చు పెట్టి పని చేయడం చిన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు. నేను "వేసుకోమ్మా" అన్నది ఈ కారణం వల్లనే.

ఇప్పుడు "ఉండుండు" అన్నది ఎందుకో చెబుతాను.

క్రోమ్‌కు ముందు ఏం జరిగిందో చూడండి. 1995లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు విండోస్ కంప్యూటర్లతో కలిసే వచ్చేది. అంతకు ముందు పేరున్న నెట్‌స్కేప్ దాని ముందు నిలవలేకపోయింది. ఈ పద్ధతి న్యాయం కాదని 1998లో అమెరికా ప్రభుత్వమే మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. 2000 తర్వాత ఒక దశలో ప్రపంచంలో నూటికి 90 మందికి పైగా వాడింది ఈ ఒక్క బ్రౌజరునే. అప్పుడు దాన్ని తయారుచేసిన కంపెనీ ఏం చేసింది? ఏమీ చేయలేదు. అదే వింత! ఆరో కూర్పు 2001లో వచ్చింది. ఏడో కూర్పు 2006లో గాని రాలేదు. పోటీ లేనప్పుడు ఎవరికి తొందర? కనుమరుగైపోతున్న నెట్‌స్కేప్ 1998లో తన రహస్యాలన్నీ బయటపెట్టి అందరికీ ఇచ్చేసింది. ఆ విత్తనం నుంచి ఫైర్‌ఫాక్స్ మొలిచి, 2004 నవంబరులో మొదటి కూర్పు విడుదలైన తర్వాతే పెద్దాయన నిద్ర లేచాడు.

ఆ నిద్ర వల్ల కలిగిన నష్టం నా కళ్లతో చూశాను. ఏడాది ఎందుకు, కార్యాలయం పేరెందుకు గాని, మా బడి పిల్లవాడొకడికి ఒక దరఖాస్తు నింపడానికి నెట్ సెంటరుకు పోయాం. అదే చివరి రోజు. వివరాలన్నీ నింపాక చివర 'పంపు' అనే బటను నొక్కితే చప్పుడు లేదు. నాలుగుసార్లు నొక్కాం. మళ్లీ మొదటి నుంచి నింపి అయిదోసారి నొక్కాం. అప్పుడు పేజీ అడుగున ఒక మూల చీమంత అక్షరాల్లో ఉన్న మాట కనిపించింది: ఈ పేజీ ఫలానా పాత బ్రౌజరులోనే పనిచేస్తుందని. ఆ పేజీ తయారుచేసినవారు లోకంలో ఒకే చదువరి ఉన్నాడనుకున్నారు. ఆయనకొక్కడికే అర్థమయ్యే భాషలో ఉత్తరం రాశారు! పక్క కంప్యూటరులో ఆ పాతది ఇంకా ఉండబట్టి సరిపోయింది. ఆ కుర్రాడి చేతులు చెమట పట్టి మీటలన్నీ తడిసిపోయాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే సెలవిచ్చింది.

చక్రం తిరిగింది. ఇప్పుడు కొన్ని పేజీల అడుగున ఉండే మాట: "క్రోమ్‌లోనే తెరవండి."

పేర్లు చూస్తే ఈ రోజు బ్రౌజర్లు చాలా ఉన్నాయి. కానీ పేరు వేరు, లోపలి ఇంజను వేరు. మన ఊరి మీదుగా పోయే బస్సులకు వేరు వేరు రంగులు, వేరు వేరు పేర్లు ఉన్నా చాలావాటి ఇంజను ఒకే కంపెనీది కావచ్చు కదా, అట్లాగన్నమాట. క్రోమ్ లోపల పేజీని పరిచే ఇంజను పేరు బ్లింక్. 2013లో ఒపెరా కంపెనీ సొంత ఇంజను మానేసి క్రోమ్ దారి పట్టింది. 2020 జనవరిలో సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజరుకు అదే ఇంజను బిగించింది. మన ప్రభుత్వం 2023లో స్వదేశీ బ్రౌజరు కోసం ఒక పోటీ పెట్టింది. 2025 మార్చిలో చెన్నైకి చెందిన జోహో కంపెనీకి మొదటి బహుమతిగా కోటి రూపాయలు ఇచ్చింది. సంతోషించాను. అయితే జోహో వారి ఉలా బ్రౌజరు కూడా క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీద కట్టిందే. క్రోమియం సంకేతాన్ని గూగుల్ అందరికీ ఉచితంగా ఇచ్చింది, కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ ఎక్కువమంది వాడే సొంత ఇంజన్లు అని లెక్కపెడితే ఇప్పుడు మూడే మిగిలాయి: గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్ గెకో.

ఒకే ఇంజను మీద ఎక్కువమంది ప్రయాణిస్తే ఏం? ఇది తెలుసుకోవడానికి 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ప్రపంచానికి పాఠం చెప్పింది. ఐఫోన్లలో అప్పుడు నడుస్తున్న 11.2.5 కూర్పులో 'జ్ఞా' అనే అక్షరం, జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, దీర్ఘం అనే వరుసలో వస్తే ఆ యాప్ కుప్పకూలేది. ఎవరైనా ఆ ఒక్క అక్షరాన్ని మెసేజీగా పంపితే చాలు. కొన్నిసార్లు ఫోనే మళ్లీ మళ్లీ మొదలవుతూ ఉండిపోయేది. అక్షరాలను గీసే భాగంలో పొరపాటు అది. ఆ ఫోన్లో చాలా యాప్‌లూ, ఏ కంపెనీ బ్రౌజరైనా, అక్షరాలు గీయడానికి అదే భాగం మీద ఆధారపడేవి. అందుకే ఒక్క పొరపాటుకు అన్ని యాప్‌లు కాకపోయినా చాలా యాప్‌లు కూలాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ సరిచేసిన కూర్పు ఇచ్చింది. విజ్ఞానం అనే మాటలోని అక్షరమే ఇంత పని చేసిందని నేను మా తరగతిలో చెప్పి నవ్వించాను. కానీ పక్కనే వేరే పద్ధతిలో అక్షరాలు గీసే ఆండ్రాయిడ్ ఫోన్లు నిక్షేపంగా ఉన్నాయన్న సంగతి కూడా చెప్పాను. ఒకే రకం పైరు వేసిన చేలల్లో తెగులు ఎట్లా పాకుతుందో మీకు సైన్సు టీచరు చెప్పే ఉంటారు.

ఇక మా అవ్వ చెప్పిన గుట్టు సంగతి. ఉత్తరాలు చదివే పెద్దాయన పైసా పుచ్చుకోలేదు, ఆయనకు పొలం ఉంది. బ్రౌజరుకు మనం పైసా ఇవ్వం, మరి కంపెనీ ఎట్లా బతుకుతుంది? గూగుల్ ఆదాయంలో ఎక్కువ భాగం ప్రకటనల నుంచి వచ్చేదే. ఎవరికి ఏ ప్రకటన చూపాలో తెలియాలంటే ఎవరికి ఏం కావాలో తెలియాలి. నేనొకసారి ఉదయగిరి చెక్క గరిటెల గురించి వెతికాను. భౌగోళిక గుర్తింపు పొందిన మన ప్రాంతపు పనితనం కదా, పిల్లలకు బొమ్మలు చూపించాలని. ఆ తర్వాత వారం రోజులు నేను ఏ పేజీ తెరిచినా గరిటెలే! వార్తల పక్కన గరిటె, వాతావరణం పక్కన గరిటె. గరిటెలైతే నవ్వుకుంటాం. ఏదో జబ్బు గురించి భయపడి వెతికిన వాళ్ల సంగతో?

క్రోమ్ విడుదలైన మొదటి రోజుల్లోనే ఇట్లాంటి కలకలం ఒకటి రేగింది. దాని ఒప్పంద పత్రం పదకొండో భాగంలో, మీరు దీని ద్వారా పంపే రాతలను వాడుకునే హక్కు కంపెనీకి శాశ్వతంగా ఉంటుందన్న అర్థం వచ్చే మాటలున్నాయి. ఎవరూ చదవరనుకునే పత్రాన్ని కొందరు చదివారు. గోల చేశారు. ఒకటి రెండు రోజుల్లోనే గూగుల్ ఆ మాటలు వేరే సేవల పత్రం నుంచి వచ్చి చేరాయని ఒప్పుకుని తీసేసింది. చదివినవాళ్లు ఉండబట్టి మారింది, లేకపోతే మారేదా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. మరొకటి: ఇన్‌కాగ్నిటో అని ఒక రహస్య కిటికీ ఉంటుంది. అందులో చూస్తే ఎవరికీ తెలియదని మీలో చాలామంది అనుకుంటారు. అది మీ ఇంట్లో అదే కంప్యూటరు వాడే అన్నయ్యకు తెలియదు, అంతే. అవతలి సైటుకు తెలుస్తుంది. దీని మీద అమెరికాలో 2020లో వేసిన దావాలో గూగుల్ కోట్ల కొద్దీ రికార్డులను చెరిపివేయడానికి 2024 ఏప్రిల్‌లో ఒప్పుకుంది.

ఇక ఆ అమ్మాయి అడిగిన కొత్త రకం బ్రౌజర్లు. 2025 అక్టోబరులో ఓపెన్ఏఐ కంపెనీ అట్లాస్ అనే బ్రౌజరును మొదట ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లకు విడుదల చేసింది. అది కూడా క్రోమియం పునాది మీద కట్టిందే. ఇట్లాంటివి పేజీని చదివి పెట్టడంతో ఆగవు. సారాంశం చెబుతాయి, మన తరఫున బటన్లు నొక్కుతాయి, ఫారాలు నింపుతాయి. మన పెద్దాయన ఉత్తరం చదవడమే కాకుండా, "నువ్వు కూర్చో నాయనా, నేనే జవాబు రాసి, సంతకం పెట్టి, పోస్టులో వేసి వస్తాను" అన్నట్టు. చూపు సరిగా లేనివాళ్లకు, ఇంగ్లీషు ఫారం చూస్తేనే భయపడే వాళ్లకు ఇది ఎంత ఉపకారమో నేను కాదనను. ఆ అంగడి ముందు నిలబడేవాళ్లలో సగం మంది అట్లాంటివాళ్లే.

అయితే ఒక చిక్కు ఉంది. ఒకడు ఉత్తరం మధ్యలో, "దీన్ని చదివేవాడు వెంటనే ఇంటివారి పెట్టె తాళం తెచ్చి నాకివ్వవలెను" అని రాశాడనుకోండి. మన పెద్దాయన పకపకా నవ్వి ఆ వాక్యాన్ని కూడా చదివి వినిపిస్తాడు. కానీ యంత్రానికి ఏది ఇంటివాళ్లు చెప్పిన ఆజ్ఞ, ఏది ఉత్తరంలో రాసిన మాట అన్న తేడా ఒక్కోసారి తెలియదు. పేజీలో కంటికి కనిపించకుండా దాచిన ఆజ్ఞలను అది పాటించవచ్చు. ఇది ఇంకా పూర్తిగా పరిష్కారం కాని సమస్యేనని అట్లాస్ తయారుచేసిన కంపెనీ భద్రతాధికారే బహిరంగంగా చెప్పాడు. అంగట్లో కంప్యూటరులో ఊళ్లోవాళ్ల ఆధార్ కాగితాలుంటాయి, బ్యాంకు పాసుపుస్తకాల నకళ్లుంటాయి. అవి ఆ అమ్మాయివి కావు, వాళ్ల నాయనవీ కావు.

ఇదంతా ఆలోచించుకుని సాయంత్రం ఆ అంగడికి పోయాను. "అమ్మాయ్, వేసుకో. కానీ జనం కాగితాలున్న ఈ కంప్యూటరులో కాదు, నీ పాఠాలు చూసుకునే దాంట్లో వేసుకో. పాతదాన్ని తీసేయొద్దు. పక్కన ఫైర్‌ఫాక్స్ కూడా ఒకటి ఉండనీ. ముందు దానికి తెలుగు పేజీ ఒకటిచ్చి సారాంశం అడుగు. నువ్వు కూడా ఆ పేజీ చదివి, అది చెప్పింది నిజమో కాదో చూడు. వారం తర్వాత నాకు చెప్పు" అన్నాను.

వాళ్ల నాయన జిరాక్సు తీస్తూనే విని, "ఏంది సార్, చదివిపెట్టేదాన్ని పెట్టుకుని మళ్లీ మనమే చదవాల్నా?" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది.

ఆ అమ్మాయి మాత్రం తల ఊపి, చేతిలో ఉన్న చీటీ వెనక నేను చెప్పినవన్నీ రాసుకుంది. రాసుకుని, "సార్, మీరు ఇంట్లో ఏది వాడతారు?" అని అడిగింది.

"క్రోమ్" అన్నాను.

"ఇంత చెప్పినారు కదా, మరి అదెందుకు సార్?"

"అలవాటమ్మా" అన్నాను. ఇంకేదైనా మంచి కారణం చెబుదామని చూశాను గాని తోచలేదు.